చర్చిలు చూశారు సరే, వంటిళ్లు చూశారా?

టర్కీ నడిబొడ్డున ఉన్న కపడోకియా గురించి ఈమధ్య తెలుగువాళ్లు బాగానే రాస్తున్నారు, అంతకు మించి ఫోటోలు పెడుతున్నారు. తెల్లవారుజామున ఆకాశం నిండా బెలూన్లు, మేడ మీద పరిచిన తివాచీలు, వెనక మొనదేలిన రాతి గుట్టలు. ఆ అందం అబద్ధం కాదు, బెలూన్ ఎక్కినవాళ్ల ఆనందాన్ని తక్కువ చేసే ఉద్దేశమూ నాకు లేదు. నా అభ్యంతరం వేరే. ఆ ఫోటోల్లోనూ, అక్కడి గైడ్లు చెప్పే కథల్లోనూ ఒక ముఖ్యమైన సంగతి జారిపోతోంది. ఆ గుట్టల్లో కనిపించే వేలాది కంతల్లో చాలా భాగం ఇళ్లు. రైతులు పిల్లాపాపలతో, గొడ్డూగోదాతో కాపురాలు చేసిన ఇళ్లు. కొన్నింటిలో 1950ల దాకా పొయ్యి వెలిగింది, కొన్నింటిలో ఇప్పటికీ వెలుగుతోంది. ఈ సంగతి పక్కన పెట్టి కపడోకియాను చూస్తే మనం చూసింది సగమే. చూడని సగం మన కళ్ల ముందే పాడైపోతున్నా మనకు పట్టదు.

ఈ ఊళ్లకు మూలం అక్కడి రాయి. తూర్పున ఎర్జియెస్, నైరుతిలో హసన్ దాగ్ అనే అగ్నిపర్వతాలు ఆ పీఠభూమికి కాపలా ఉన్నట్టు నిలబడి ఉంటాయి. ఎర్జియెస్ ఎత్తు 3,917 మీటర్లు. నేను వెళ్లిన మే నెలలో కూడా దాని నెత్తి మీద మంచు కరగలేదు. ఈ ప్రాంతంలోని అగ్నిపర్వతాలు లక్షల ఏళ్ల పాటు విడతలు విడతలుగా కక్కిన బూడిద పేరుకుని, గట్టిపడి, టఫ్ అనే మెత్తని రాయిగా మారింది. వాననీరు, గాలి ఆ రాయిని కోసుకుంటూ పోయాయి. పైన గట్టి రాతి పలక ఉన్నచోట దాని కింది భాగం అరగకుండా స్తంభంలా మిగిలింది. ఫెయిరీ చిమ్నీలని పేరు పడినవి అవే. రైతుకు పనికొచ్చిన గుణం మాత్రం ఇంకొకటి: టఫ్ రాయి చిన్న ఉలికి, గొడ్డలిలాంటి పనిముట్టుకు లొంగుతుంది, గాలి తగిలాక పైపొర గట్టిపడుతుంది. చెట్లు తక్కువ, చలి ఎక్కువ ఉన్న ఆ నేల మీద దూలాలు వెతుక్కుని ఇల్లు కట్టుకోవడం కంటే కొండలో తొలుచుకోవడమే తేలిక. సంసారం పెరిగితే గోడలోకి ఇంకో గది తొలుచుకోవచ్చు.

పొద్దున్నే జెల్వెకు వెళ్లాం. 'వెళ్లాం' అంటే నేనూ, నా కారు నడిపిన పాతికేళ్ల కుర్రవాడూ. అతనిది ఆ పక్క ఊరే. ఇంగ్లీషు కొంత వచ్చు, ఊరి సంగతులు పూర్తిగా వచ్చు. జెల్వె మూడు లోయలు కలిసే చోట ఉన్న ఊరు. ఉన్న ఊరు కాదు, ఉండిన ఊరు. క్రైస్తవులు, ముస్లింలు ఇక్కడ ఇరుగుపొరుగుగా బతికారు. 1924లో క్రైస్తవులు వెళ్లిపోయారు. కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడుతున్నాయని 1952లో ప్రభుత్వం మిగిలినవాళ్లనూ ఖాళీ చేయించి, కొద్ది దూరంలో ఆక్‌తెపె అనే కొత్త ఊరికి తరలించింది. 1967 నుంచి జెల్వె మ్యూజియం. టికెట్ కొని లోపలికి వెళ్లాలి.

అక్కడికి వచ్చే బస్సులు తక్కువ, వచ్చినా ఎక్కువసేపు ఆగవు. గొప్ప చిత్రాలున్న చర్చిలు లేకపోవడమే కారణం. నాకు మాత్రం కపడోకియా మొత్తంలో ఇంతకంటే విలువైన చోటు కనబడలేదు. లోపల గదుల కప్పులు మసితో నల్లగా ఉన్నాయి, అది వందల ఏళ్ల వంటపొగ. గోడల్లో దీపం గూళ్లు, గిన్నెల గూళ్లు, దుప్పట్లు మడిచి పెట్టుకునే లోతైన అరలు. నేల మీద తందిర్ గుంట, అంటే నేలలోకి దించిన పొయ్యి. మెట్ల పక్కన చేతి పట్టు కోసం చెక్కిన చిన్న చిన్న గుంటలు. చిన్న మసీదు, దానిపైన నాలుగు స్తంభాల మీద నిలిచిన బుల్లి మినారు. ఒక గదిలో తిరగలి రాయి.

వీటన్నిటిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది కింది వరసలో ఉన్న ఒక పశువుల కొట్టం. గోడ పొడవునా రాతిలోనే తొలిచిన మేతతొట్లు. ఒక్కొక్క తొట్టి అంచుకు ఒక రంధ్రం. రంధ్రమంటే గోడలోకి దిగే గుంట కాదు. రాతి అంచును ఇటు నుంచి అటు తొలిచి మిగిల్చిన కడియం. పలుపు కట్టడానికి. వేలు పెట్టి తడిమి చూశాను. బయటి రాయి గరుకుగా ఉంది. కడియం లోపలి వైపు మాత్రం నున్నగా, నూనె రాసినట్టుగా ఉంది. ఎద్దులు, గాడిదలు మెడలు తిప్పి తిప్పి, తాడు రాసుకుని రాసుకుని అరిగిన అరుగుదల అది. ఏ చక్రవర్తి కాలంలో చెక్కారో చెప్పే శాసనమేదీ అక్కడ లేదు. కానీ ఎన్ని తరాలు ఆ కొట్టంలో పాలు పిండితే ఆ రాయి అంత నునుపు తేలిందో ఆలోచించండి. దాని దగ్గర ఒక్క బోర్డూ లేదు. చర్చి గుమ్మాల దగ్గర మాత్రం ఉన్నాయి.

ఇక్కడ మన అలవాటు గురించి కూడా చెప్పాలి. తెలుగునాట కొండను తొలిచింది ప్రధానంగా దేవుడి కోసం, సన్యాసుల కోసం. గుంటుపల్లిలో, బొజ్జన్నకొండలో బౌద్ధ భిక్షువులు, ఉండవల్లిలో అనంతపద్మనాభుడు. అందుకే తొలిచిన కొండ కనిపించగానే మన కళ్లు లోపల గర్భగుడి కోసం వెతుకుతాయి. యూరప్ పండితుల కళ్లూ చాలాకాలం అలాగే వెతికాయి. 20వ శతాబ్దం మొదట్లో ఈ లోయలన్నీ తిరిగి చర్చిల చిత్రాలను శ్రద్ధగా నమోదు చేసిన గియోమ్ ద జెర్ఫానియన్ స్వయంగా జెసూట్ ఫాదరీ. ఆయన పని గొప్పది, కాదనలేం. కానీ ఆ తర్వాత చర్చి ఉన్న ప్రతి సముదాయమూ మఠమే అన్న భావన స్థిరపడిపోయింది. గత కొన్ని దశాబ్దాల్లో థామస్ మాథ్యూస్, రాబర్ట్ ఔస్టర్‌హౌట్ వంటి పండితులు దీన్ని గట్టిగా ప్రశ్నించారు. మధ్యలో ముంగిలి, దాని చుట్టూ పెద్ద హాలు, గోపురంలా పైకి లేచిన పొగగూడుతో వంటిల్లు, గుర్రాల కొట్టం, ఒక పక్కన చిన్న చర్చి. ఇది మఠం ఎందుకవుతుంది, ఇది ఊరి పెద్దమనిషి లోగిలి అన్నారు. ప్రాచీన కాలం నుంచి గుర్రాలకు పేరుపడిన ప్రాంతం ఇది. అంత పెద్ద కొట్టాలతో సన్యాసులకు ఏం పని?

ఈ వాదన నాకు నచ్చడానికి కారణం అది కొత్తది కావడం కాదు. జెల్వెలో మన కంటికి కనిపించేదాన్ని అది గౌరవిస్తుంది.

రాతి చర్చిలకు పేరుపడిన గోరెమె మ్యూజియంలో ఎక్కువసేపు ఉండలేదు. చీకటి చర్చి అని పిలిచే కరన్‌లిక్ కిలిసెలో 11వ శతాబ్దపు చిత్రాలు, ముఖ్యంగా ఆ నీలం, నిన్న వేసినట్టుగా ఉన్నాయి. వెలుతురు తక్కువ కాబట్టి రంగు నిలిచింది. జనం క్యూలో ఒకరినొకరు నెట్టుకుంటున్నారు. బల్లా, దాని రెండు వైపులా కూర్చునే అరుగులూ అన్నీ ఒకే రాతిలో తొలిచిన భోజనశాలను ఆ క్యూలో ఎవరూ తలతిప్పి చూడలేదు. ఆ చర్చి గురించి గైడ్లు చెప్పే విషయాల్లో ఒకటి మాత్రం నా వాదనకు బలమిచ్చేది: 1950ల దాకా రైతులు దాన్ని పావురాల గూడుగా వాడుకున్నారు. దాన్ని చాలామంది 'అయ్యో' అన్నట్టు చెబుతారు. నాకు అందులో చిన్నతనమేమీ కనిపించలేదు.

ఆ పావురాల కథ కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే కపడోకియా వ్యవసాయానికి ఆయువుపట్టు అక్కడే ఉంది. టఫ్ నేల తేలిగ్గా ఉంటుంది, కానీ సారం తక్కువ. ద్రాక్ష తోటలకు, కూరగాయలకు ఎరువు కావాలి. పశువుల పేడను పిడకలు చేసి చలికాలంలో కాల్చుకుంటారు. కాబట్టి పొలానికి పావురాల రెట్టే దిక్కు. అందుకే కొండ ముఖాన, మనిషికి అందనంత ఎత్తులో గదులు తొలిచి, లోపల వరసలుగా గూళ్లు చెక్కి, కర్రలు అడ్డంగా పెట్టి, బయట గోడకు చిన్న చిన్న కంతలు మాత్రమే వదిలేవారు. కంతల చుట్టూ తెల్లటి సున్నం, దాని మీద ఎర్ర రంగుతో చక్రాలు, పువ్వులు, కొమ్మలు. ఆ తెల్లదనమే పావురాలను పిలుస్తుందంటారు. సున్నపు పూత నున్నగా ఉంటే పిల్లుల్లాంటివి గోడ ఎక్కలేవు. ఏడాదికోసారి నిచ్చెన వేసుకుని వెళ్లి, వెనక తలుపు తెరిచి, రెట్ట గోకి బస్తాలకెత్తి, మళ్లీ మూసేస్తారు. ఇప్పుడు మిగిలి ఉన్న గూళ్లలో చాలావరకు 18, 19 శతాబ్దాలవి. గోరెమెకు, ఉచ్‌హిసార్‌కు మధ్య లోయకు పావురాల లోయ అనే పేరే ఉంది.

ఖాళీగా పడి ఉన్న చర్చిలను కూడా రైతులు ఇలాగే వాడుకున్నారు. గుమ్మాలకు రాళ్లు పేర్చి మూసేసి, పైన కంతలు వదిలారు. 10వ శతాబ్దపు బైజాంటైన్ చక్రవర్తి నికెఫొరోస్ ఫోకాస్ బొమ్మ ఉన్న చావుషిన్ ఊరి చర్చిని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ పెద్ద పావురాల గూడనే పిలుస్తారు. గుమ్మం మూసినందువల్ల ఎండ, వాన, మనుషుల చేతులు ఆ చిత్రాల దాకా వెళ్లలేదు. చేతికి అందే ఎత్తులో ఉన్న సాధువుల కళ్లు చాలాచోట్ల గీకేసి ఉన్నాయి. అది ఊళ్లోవాళ్ల పనే కావచ్చు, దారిన పోయినవాళ్ల పనే కావచ్చు, దాన్ని సమర్థించను. కానీ చర్చిని పొలానికి పనికొచ్చేదిగా మార్చిన రైతు, తనకు తెలియకుండానే, అక్కడి కళకు కాపలా కాశాడు. ఎరువుల బస్తాలు వచ్చాక గూళ్ల అవసరం తగ్గింది. సున్నం వేసేవాళ్లు లేరు. పావురాల లోయలో ఇప్పుడు సందర్శకులు విసిరే గింజల కోసం వాలే పావురాలు ఉన్నాయి, గూళ్లలో మాత్రం చాలావరకు ఖాళీ.

మధ్యాహ్నం భోజనం ఉర్గుప్ పట్టణం దాటాక ఒక చిన్న ఊళ్లో, డ్రైవరుకు దూరపు చుట్టమైన ఒక పెద్దావిడ ఇంట్లో. అతను ఆవిడను తెయ్‌జె అని పిలిచాడు, మన పిన్నిగారన్నట్టు. చేయి అందుకుని ముద్దుపెట్టి నుదుటికి ఆనించుకున్నాడు. ఆ ఇల్లు ఆ ప్రాంతపు ఇళ్ల పద్ధతిలోనే ఉంది: ముందు భాగం చెక్కిన రాళ్లతో కమానుగా కట్టిన గది, వెనక భాగం కొండలోకి తొలిచిన గదులు. గుమ్మంలో చెప్పులు విడిచి వెళ్లాం. నేల మీద గుడ్డ పరిచి, దాని మీద పొట్టి కాళ్ల గుండ్రటి బల్ల పెట్టి, ఆ గుడ్డ అంచును మా ఒళ్లో కప్పుకోమంది, మెతుకులు నేల మీద పడకుండా. తందిర్‌లో రాత్రంతా కుండలో ఉడికిన చిక్కుడు గింజలు, బుల్గుర్ అనే గోధుమ రవ్వ, పెరుగు, పల్చని యుఫ్కా రొట్టెలు, చివర్లో పెక్‌మెజ్ అనే ద్రాక్షపాకం. రొట్టె ముక్క పాకంలో ముంచుకుని తినాలి. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే మళ్లీ నిండేది.

తిన్నాక వెనక గదులు చూపించింది. అక్కడ నేను చూసింది ఒక పద్ధతిగా నడిచే ఇల్లు. మొదటి గదిలో తందిర్. నేలలోకి దించిన మట్టి కుండీ, దాని అడుగుకు గాలి వెళ్లడానికి పక్క నుంచి ఒక సొరంగం. పూర్వం చలికాలంలో వంట అయ్యాక తందిర్ మీద పొట్టి బల్ల పెట్టి, దాని మీద పెద్ద బొంత కప్పి, ఇంటిల్లిపాదీ దాని కింద కాళ్లు చాపుకుని కూర్చునేవారట. రెండో గదిలో ద్రాక్ష తొక్కే తొట్టి: నడుము లోతున రాతి అరుగు, దానికి వాలు, వాలు చివర చిన్న కంత, కంత కింద ఇంకో తొట్టి. పండ్లు అరుగు మీద పోసి తొక్కితే రసం కింది తొట్టిలోకి జారుతుంది. ఆ రసంలో సున్నం ఎక్కువగా ఉన్న తెల్లమట్టి కలుపుతారు, దానితో పులుపు విరిగి మడ్డి అడుక్కు దిగుతుంది. పైన తేరిన రసాన్ని వెడల్పాటి రాగి పళ్లేల్లో చిక్కబడేదాకా కాస్తారు. ఆ పని చేసేది ఆడవాళ్లు. శరదృతువులో ఇరుగుపొరుగు కలిసి ఈ ఇంట్లో ఒక రోజు, ఆ ఇంట్లో ఒక రోజు. మూడో గది నిల్వకు. బంగాళదుంపలు, ఉల్లిపాయలు, పచ్చడి జాడీలు, పెక్‌మెజ్ సీసాలు. బయట ఎండ మండుతోంది, లోపల చొక్కా మీద ఇంకోటి వేసుకోవాలనిపించింది. మన ఊళ్లలో ధాన్యం పాతర ఎందుకు తవ్వేవారో తెలిసినవాళ్లకు ఈ గది గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడే పడుకుంటారా అని అడిగించాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పెళ్లయి వచ్చిన కొత్తల్లో పడుకునేవాళ్లమనీ, కప్పు నుంచి ఇసుకలాంటి పొడి అన్నంలో, దుప్పట్ల మీద రాలుతూ ఉండేదనీ, ఏటా వసంతంలో సున్నం వేస్తేనే అదుపులో ఉండేదనీ చెప్పింది. కోడలు కైసెరి నగరంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది, సెలవులకు వచ్చినా ముందు గదిలోనే పడక. "రాయి మంచిదే," అంది. "మెట్లే, మోకాళ్లకు మంచివి కావు."

ఆ మాట దగ్గర ఆగాలి. ఊరి జీవితాన్ని మెచ్చుకునే మనలాంటివాళ్లు చేసే అన్యాయం ఒకటుంది. మనం కరెంటు, లిఫ్టు, గీజరు ఉన్న ఇళ్లలో ఉండి, వాళ్లను మాత్రం రాతి గదుల్లో ఉండమంటాం. అది నేను అనను. పైగా ఇక్కడి రాయి అన్నిచోట్లా మంచిది కూడా కాదు. నెవ్‌షెహిర్ జిల్లాలోనే తుజ్‌కోయ్, కరాయిన్, సారిహిదిర్ అనే మూడు ఊళ్లున్నాయి. 1970లలో ఇజ్జెత్తిన్ బారిష్ అనే టర్కిష్ వైద్యుడు అక్కడ మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ విపరీతంగా ఉందని గుర్తించాడు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే ఆ జబ్బు ప్రపంచంలో మిగతాచోట్ల ఎక్కువగా ఆస్‌బెస్టాస్ పనివాళ్లలో కనిపించేది. ఇక్కడ రైతులకు, గృహిణులకు వచ్చింది. కారణం అక్కడి రాతిపొరల్లో ఉండే ఎరియోనైట్ అనే పీచులాంటి ఖనిజం. ఇళ్ల గోడల నుంచి, సున్నంలా పూసే మట్టి నుంచి అది గాలిలో కలిసేది. ఆ ఊళ్లలో మరణాల్లో దాదాపు సగం ఈ జబ్బువల్లేనని అధ్యయనాలు తేల్చాయి. అక్కడి పాత ఇళ్లను వదలడమే సరైన పని. దాని మీద రెండో అభిప్రాయానికి చోటు లేదు.

కాబట్టి నా వాదన రాతి ఇళ్లలోకి మళ్లీ వెళ్లి బతకాలని కాదు. ఆ ఇళ్లు ఎవరివో, ఎందుకు ఖాళీ అయ్యాయో చెప్పాలని, ఖాళీ కానివాటిని ఖాళీ చేయించే పని ఆపాలని.

ఎందుకంటే ఈ ఊళ్లు ఒక్కసారి ఖాళీ కాలేదు. మొదటిసారి ఒప్పందం వల్ల. 1923 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో గ్రీసు, టర్కీ కుదుర్చుకున్న జనాభా మార్పిడి ఒప్పందం ప్రకారం ఇక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, అక్కడి ముస్లింలు టర్కీకి వెళ్లాలి. మనిషి ఏ భాష మాట్లాడతాడన్నది కాదు, ఏ మతమన్నదే లెక్క. కపడోకియా క్రైస్తవుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది టర్కిష్ భాషే, దాన్నే గ్రీకు లిపిలో రాసుకునేవారు. వాళ్లూ వెళ్లాల్సి వచ్చింది. సినసోస్ అనే సంపన్నమైన ఊరు ముస్తఫాపాషా అయింది. చెక్కుడు పని ఉన్న దాని రాతి మేడల్లోకి గ్రీసు నుంచి వచ్చిన కుటుంబాలు చేరాయి. 1947లో ఇళ్లు వదిలి వచ్చినవాళ్ల కథలు విని పెరిగిన భారతీయులకు ఇది అర్థం కావడానికి పెద్ద వివరణ అక్కర్లేదు.

రెండోసారి కొండ విరగడం వల్ల. జెల్వె గురించి చెప్పాను. చావుషిన్ పాత ఊరిదీ అదే దారి. రాతి ఇంటికి శత్రువు నీరు. పగుళ్లలో దిగిన నీరు చలికాలంలో గడ్డకట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. కాపురం ఉన్నంతకాలం ఇంటి పైన మంచు ఊడ్చడం, నీరు పక్కకు పోయేలా చిన్న కాలువలు చెక్కి ఏటా పూడిక తీయడం, పగులు కనిపిస్తే మట్టితో మెత్తడం ఇంటి పనిలో భాగం. డ్రైవరు తన తాతగారి గురించి చెప్పాడు: మొదటి మంచు పడిన పొద్దున ఆయన టీ తాగకముందే పార తీసుకుని కొండ ఎక్కేవారట. మనుషులు వెళ్లిపోయాక ఆ పని చేసేవాళ్లు లేరు. జెల్వెలో ఇప్పుడు చాలా గదులకు ముందు గోడే లేదు. కోసిన పండులా లోపలంతా బయటికి కనిపిస్తుంది. దాన్ని చూసి సందర్శకులు అందంగా ఉందంటారు. అది కూలిపోయిన ఇల్లు.

మూడోసారి ధర వల్ల, ఇది ఇప్పుడు నడుస్తున్నది. గోరెమె జాతీయ పార్కు, కపడోకియా రాతి స్థలాలు 1985లో యునెస్కో జాబితాకెక్కాయి. 1990ల మొదట్లో బెలూన్లు మొదలయ్యాయి. ఆ తర్వాత గుహ హోటళ్లు. హోటళ్లు చెడ్డవని నేను అనడం లేదు: నేనూ ఒకదానిలోనే బస చేశాను, ఆ కుర్రవాడికి ఉద్యోగం ఊళ్లోనే దొరకడానికి కారణం అవే, కూలిపోయే గదులు కొన్ని వాటి డబ్బుతోనే నిలబడ్డాయి. కానీ గదికొక స్నానాల తొట్టి పెట్టి, నీరంటే పడని రాతిలోకి పైపులు తొలిచి, దాన్ని పరిరక్షణ అని పిలిస్తే ఒప్పుకోను. గోరెమె పాత ఊళ్లో ఇళ్లు ఒక్కొక్కటే హోటళ్లకు, దుకాణాలకు పోతున్నాయి; ఊరివాళ్లు కింద కొత్త కాంక్రీటు ఇళ్లలో ఉండి పైన పనికి వస్తున్నారు. 2019లో జాతీయ పార్కు హోదా తీసేసి ఈ ప్రాంతానికి ప్రత్యేక చట్టం, ప్రత్యేక యంత్రాంగం పెట్టారు. ఆ యంత్రాంగం రాతిని కాపాడగలదేమో కానీ, అందులో సంసారం చేసేవాళ్ల మాట ఎంతవరకు వింటుందన్నదే నా ప్రశ్న.

నెవ్‌షెహిర్ పట్టణంలో జరిగింది చూస్తే ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదని తెలుస్తుంది. కోట చుట్టూ ఉన్న పాత ఇళ్లను, దాదాపు 1,500 ఇళ్లను, పట్టణాభివృద్ధి పేరుతో పడగొట్టారు. ఆ కూల్చివేతల్లోనే కింద విశాలమైన భూగర్భ నగరం బయటపడిందని 2014లో ప్రపంచమంతా వార్త. కింద దొరికినదాని గురించి అందరూ రాశారు; పైన పోయిన ఇళ్ల గురించి ఎవరు రాశారు? నిజానికి ఆ రెండూ ఒకే ఇంటి పై అంతస్తు, కింది అంతస్తు. ప్రసిద్ధమైన భూగర్భ నగరం దెరింకుయు కూడా 1963లో ఒకాయన ఇల్లు బాగుచేసుకుంటుంటే గోడ వెనక బయటపడిందే. 85 మీటర్ల లోతున్న ఆ కట్టడం గురించి ఇంటర్నెట్‌లో గ్రహాంతరవాసుల కథలు కూడా ప్రచారంలో ఉన్నాయి. లోపలికి వెళ్తే మొదట ఎదురయ్యేది పశువుల కొట్టం, ఎందుకంటే ఆవును ఇరుకు మెట్ల మీద దించలేం. తర్వాత ద్రాక్ష తొట్టి, నిల్వ గదులు, బావి, గాలి గొట్టాలు, దొర్లించి మూసే గుండ్రటి రాతి తలుపులు. పైనున్న ఊరు భయం వేసినప్పుడు కిందికి దిగేది, అంతే. అది పాత కాలం ముచ్చట మాత్రమే కాదు. 1909లో దక్షిణాన అదానాలో జరిగిన ఆర్మేనియన్ల ఊచకోత వార్త విని ఆక్సో అనే ఊరి జనం చాలామంది కింది గదుల్లో దాక్కుని, కొన్ని రాత్రులు పైన పడుకోవడానికి సాహసించలేదని అక్కడి గ్రీకు మాండలికాలు సేకరించిన బ్రిటిష్ పండితుడు డాకిన్స్ నమోదు చేశాడు.

సాయంత్రం ఒర్తాహిసార్ వెళ్లాం. ఊరి మధ్యలో కోటలా లేచిన పెద్ద రాతి గుట్ట ఉంది, దాన్ని చూడటానికే కొద్దిమంది వస్తారు. నేను వెళ్లింది నిమ్మకాయల కోసం. మధ్యధరా తీరంలో మెర్సిన్ చుట్టుపక్కల పండే నిమ్మకాయలు లారీల్లో కొండలు దాటి ఇక్కడికి వస్తాయి. ఒర్తాహిసార్ చుట్టూ టఫ్ రాతిలో తొలిచిన నిల్వ గదుల్లో నెలల తరబడి ఉండి, ధర వచ్చే ఎండాకాలంలో మార్కెట్‌కు వెళ్తాయి. ఒక గది తెరిచి ఉంది. గేటు దాటగానే చల్లగాలి ముఖానికి కొట్టింది, వెంటే నిమ్మ వాసన. లారీ లోపలికి వెళ్లగలిగేంత ఎత్తైన సొరంగం, రెండు వైపులా కప్పు దాకా పేర్చిన పెట్టెలు. కప్పులో ఒక గాలి కంత. శీతల యంత్రాల చప్పుడు లేదు. రాయే ఆ పని చేస్తోంది, తేమ కూడా రాయే సరిపెడుతోంది. ఒక వరసలో ఆడవాళ్లు కూర్చుని కాయలు ఏరుతున్నారు: మెత్తబడినది ఒక పక్కకు, గట్టిది మళ్లీ పెట్టెలోకి. వాళ్ల చేతులు ఆగలేదు, మాటలూ ఆగలేదు. "కొలాయ్ గెల్సిన్" అన్నాను, పనిలో ఉన్నవాళ్లను అక్కడ పలకరించే మాట. ఒకావిడ తలెత్తి నవ్వి, నా చేతిలో రెండు కాయలు పెట్టింది.

కపడోకియాలో పరిరక్షణ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ గదినే చూపిస్తాను. ఇక్కడ రాతిని తొలిచే నేర్పు బతికే ఉంది. యంత్రాలతో తొలుస్తున్నారు, నిజమే. కొండను ఎక్కడ తొలిస్తే నిలుస్తుందో, కప్పు ఎంత వంపు ఉండాలో, గాలి కంత ఎటు పెట్టాలో ఆ తెలివి మాత్రం పాతదే. ఈ గది ఎవరి పూర్వీకుల ఇంటినీ లాక్కోలేదు, ఎవరినీ మెట్లు ఎక్కించి మోకాళ్లు అరగదీయలేదు. ఇందులో వచ్చే డబ్బు ఊళ్లో చేతులు మారుతోంది. ఏ ప్రయాణ పుస్తకమూ దీన్ని చూడదగ్గ చోట్ల జాబితాలో పెట్టదు.

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. మ్యూజియం టికెట్ల మీద వచ్చే ఆదాయంలో ఒక వాటా పావురాల గూళ్ల సున్నానికి, ఖాళీ ఇళ్ల పైన నీటి కాలువల పూడికకు కేటాయించాలి. ఆ పని బయటి కంపెనీకి కాకుండా ఆయా ఊళ్ల ముహ్తార్ల, అంటే గ్రామ పెద్దల ద్వారా, ఆ పని చేతికి వచ్చినవాళ్లకే ఇవ్వాలి. జెల్వెలో మేతతొట్ల దగ్గర, వంటిళ్ల దగ్గర బోర్డులు పెట్టాలి. ఆక్‌తెపెలో ఇంకా జెల్వెలో పుట్టినవాళ్లు ఉండగానే, ఏ గది ఎవరిదో వాళ్లనే అడిగి రాయాలి. 1952లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు 80 దాటాయి, కాబట్టి ఈ పనికి ఎక్కువ సమయం లేదు. తిరుగు దారిలో ఇదంతా డ్రైవరుతో అన్నాను. కాలువల పూడికకు నిజంగా కూలి ఇస్తారా అని రెండుసార్లు అడిగాడు. ఇస్తే వాళ్ల నాన్నగారు, ఇద్దరు బాబాయిలు ఇప్పటికీ ఆ పని చేయగలరనీ, తనకు మాత్రం ఎవరూ నేర్పలేదనీ చెప్పాడు.